మనమే ఎంచుకుని మనమే కోసుకునే క్రిస్మస్ చెట్టు: శ్రీకాళహస్తి దారిలోని ఒక సరుగుడు తోపు

తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి వెళ్ళే దారిలో, ఏర్పేడు దాటిన తరువాత స్వర్ణముఖి నది వైపు మళ్ళే ఒక మట్టిబాట చివర ఉన్న సరుగుడు తోపు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఆ తోపు యజమాని ఏటా డిసెంబరు మూడవ వారం నుంచి పండుగ ముందురోజు వరకు కుటుంబాలను లోపలికి రానిచ్చి, నచ్చిన చెట్టును వాళ్ళ చేతులతోనే ఎంచుకుని కోసుకోనిస్తారు. దారిలో బోర్డు లేదు, ఎక్కడా ప్రకటన లేదు. ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో ఒకరికొకరు చెప్పుకోవడం వల్లనే ఈ సంగతి మా వాళ్ళందరికీ తెలిసింది. తిరుపతి చుట్టుపక్కల క్రిస్మస్ చెట్టు కోసం డబ్బు పెట్టదలచుకున్న కుటుంబం ఏదైనా అడిగితే నేను మొదట చెప్పేది ఈ తోపు పేరే. చెట్టును ఎంచుకునే పని, కోసే పని ఇక్కడ పూర్తిగా కుటుంబానిదే. మా ఇంట్లో పండుగ ఆ పనితోనే మొదలవుతుంది కనుక, ధర కంటే, సౌకర్యం కంటే దానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మా ఇంటి ఆచారం ఏమిటో కొంత చెబితే తప్ప ఈ సేవలోని మేలు పాఠకులకు అర్థం కాదు. చెట్టును ఎంచుకునే హక్కు ఇంట్లో పిల్లలది. అన్నదమ్ముల పిల్లలందరిలో ఏటా ఒకరి వంతు వస్తుంది, ఆ ఏడాది ఆ బిడ్డ చూపించిన చెట్టుకు పెద్దలెవరూ వంక పెట్టకూడదు. మొదటి రంపపు కోత మాత్రం ఇంటి పెద్దది. మా జేజి బతికున్నంత కాలం ఆమె చేత్తో రంపం ఒకసారి లాగించి, ఆ తరువాతే మగవాళ్ళు పని అందుకునేవారు. ఇప్పుడు ఆ వంతు మా నాయనకు వచ్చింది. కోతకు ముందు చెట్టు చుట్టూ నిలబడి ఒక చిన్న ప్రార్థన చేస్తాము. ఈ తోపు గురించి తెలియని రోజుల్లో ఇవన్నీ కట్టెల అడితిలోనే జరిపించుకునేవాళ్ళము. అప్పటికే నరికి తెచ్చి పడేసిన సరుగుడు కొమ్మల కుప్పలోంచి పిల్లలు ఒకదాన్ని ఏరుకోవలసి వచ్చేది. అడుగున నలిగిపోయి, ఒకవైపు ఎండిపోయి ఉన్న కొమ్మను తెచ్చి గోడకు ఆనించి నిలబెట్టి, ఎండిన వైపు గోడకు తిప్పేవాళ్ళము. కోత అనే మాటకు అక్కడ అర్థమే లేదు, ఎందుకంటే కోత అంతకు ముందే ఎవరో చేసేసి ఉండేవారు.

చెట్టును ఇంట్లోకి తెచ్చి అలంకరించడం ఐరోపాలో, ముఖ్యంగా జర్మన్ భాష మాట్లాడే ప్రాంతాలలో పుట్టిన ఆచారం. 1605 నాటి ఒక రాతలో స్ట్రాస్‌బర్గ్ నగరవాసులు తమ ఇళ్ళలో ఫర్ చెట్లు (చలి ప్రాంతాల్లో పెరిగే, సూదుల్లాంటి ఆకులున్న చెట్లు) నిలబెట్టి కాగితపు గులాబీలు, ఆపిల్ పళ్ళు, పల్చని అప్పడాల వంటి తీపి రొట్టెలు వేలాడదీసేవారని ఉంది. విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడి ఉన్న బొమ్మ 1848లో లండన్ వారపత్రికలో అచ్చయిన తరువాత అది ఇంగ్లండులో ఇంటింటి అలవాటయింది. తిరుపతిలో ప్రధాన కార్యాలయం ఉన్న మా సౌత్ ఆంధ్ర లూథరన్ సంఘానికి మూలం 19వ శతాబ్దంలో జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ కనుక, చెట్టు లేని క్రిస్మస్ మా ఇళ్ళలో ఊహకు అందదు. మా అక్క కుటుంబం ఉండే అమెరికాలోని నార్త్ కరోలినాలో, కొండల మీద వరసలుగా పెంచిన ఫ్రేజర్ ఫర్ తోటల్లోకి కుటుంబాలు వెళ్ళి, అక్కడ ఇచ్చే చేతిరంపంతో తమ చెట్టును తామే కోసుకుంటాయి. కోసిన చెట్టును ఒక యంత్రం మీద నిలబెట్టి గడగడా వణికించి ఎండు ఆకును రాలుస్తారు, మరో యంత్రంలో దూర్చి వల తొడుగుతారు, దాన్ని కారు పైన కట్టుకుని ఇంటికి తీసుకుపోతారు. ఆ దేశంలో ఏటా సుమారు రెండున్నర నుంచి మూడు కోట్ల నిజమైన చెట్లు అమ్ముడవుతాయి. ఒక్కో చెట్టు మనిషి ఎత్తుకు రావడానికి ఏడేళ్ళు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. అక్క పంపిన ఫోటోలు చూసి మా పిల్లలు అలాంటి తోట మనకెందుకు లేదని అడిగేవారు. ఫర్ చెట్టు మన ఎండలకు బతకదు. కానీ ఆ ఫోటోల్లో పిల్లలకు నచ్చింది ఫర్ చెట్టు కాదు, తోటలో తిరిగి తమ చెట్టును తామే వెతుక్కోవడం. అది ఏర్పేడు దాటాక దొరుకుతుందని తెలిశాక మా ఇంట్లో ఆ ప్రశ్న మళ్ళీ రాలేదు.

సరుగుడు గురించి ఒక మాట చెప్పాలి. చూడటానికి పైన్ జాతిలా ఉన్నా అది ఆ జాతిది కాదు, పూలు పూసే చెట్టు. మనం సూదుల్లాంటి ఆకులు అనుకునేవి నిజానికి సన్నని పచ్చని రెమ్మలు. అసలు ఆకులు ఆ రెమ్మల కణుపుల దగ్గర పళ్ళ వరసలాగా, కంటికి ఆనీ ఆనకుండా ఉంటాయి. ఆ కణుపు దగ్గర రెమ్మను ఊడదీసి మళ్ళీ అతికించి ‘ఎక్కడ విరిచానో చెప్పు’ అని ఆడని పిల్లలు మా వైపు ఉండరు. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాలకు చెందిన ఈ చెట్టును 19వ శతాబ్దంలో మద్రాసు తీరమంతా విస్తారంగా నాటించడానికి పెద్ద కారణం రైలు ఇంజన్లకు కావలసిన వంటచెరకు. దీని వేళ్ళ మీద బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు అందిస్తాయి కనుక, మరో పంట నిలవని ఇసుక నేలలో కూడా ఇది ఏపుగా పెరుగుతుంది. స్వర్ణముఖి ఒడ్డు ఇసుకకు ఇంతకంటే అనువైన పంట తక్కువ. నాటిన మూడు నాలుగేళ్ళకు కోతకు వస్తుంది. మాను పందిళ్ళకు, సెంట్రింగ్ కర్రలకు, కాగితపు మిల్లుకు పోతుంది. అంటే మనం కోసుకున్నా కోసుకోకపోయినా ఈ చెట్టు కోతకే పెరిగిన పంట, దాని చోట మళ్ళీ నారు నాటుతారు. పండుగ కోసం చెట్టును చంపుతున్నామే అని మా పెద్దపాప ఒక ఏడాది దిగులుపడితే, యజమాని ఆమెను కొత్తగా నారు నాటిన మడి దగ్గరికి తీసుకుపోయి చూపించారు. నేను ఎంత చెప్పినా తీరని ఆ దిగులు అక్కడ తీరింది.

ఇక తోపులో చెట్టును ఎలా ఎంచుకోవాలన్నది ఈ సేవలో అన్నిటికంటే విలువైన భాగం, ఎందుకంటే యజమానికి ఆ విద్య తెలుసు, అడిగిన వారికి విసుగు లేకుండా చెబుతారు. తోపులోకి మొదటిసారి వచ్చినవాళ్ళు నేరుగా లోపలి వరసల్లోకి నడుస్తారు. అక్కడ చెట్లు ఒకదానికొకటి గజం దూరంలో కిక్కిరిసి నిలబడి వెలుతురు కోసం పైపైకి సాగుతాయి. కింది కొమ్మలు నీడకు ఎండి రాలిపోతాయి, మిగిలినవాటిని మాను నున్నగా రావాలని కూలీలు కోసేస్తారు. అందువల్ల లోపలి చెట్టు నిటారైన కర్రకు పైన ఒక కుచ్చులా మాత్రమే ఉంటుంది. మేము మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన మా నాయనతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: “లోపలికి పోబాకండి పెద్దాయనా, ఆడ కొమ్మలుండవు. గట్టు మీదుండే మాన్లు చూసుకోండి.” గట్టు వరసలోని చెట్లకు ఒకవైపైనా పూర్తి వెలుతురు అందుతుంది కనుక అడుగు నుంచే కొమ్మలు గుబురుగా వస్తాయి. తోపు మూలల్లో ఉన్న చెట్లకు రెండు వైపులా వెలుతురు ఉంటుంది. అన్నిటికంటే చక్కనివి అవే, అందరికంటే ముందు వచ్చినవాళ్ళకు పోయేవీ అవే. నాటిన మొక్కలు కొన్ని చచ్చిపోయిన చోట ఆలస్యంగా తిరిగి నాటిన చెట్లు మరో మంచి వర్గం. వాటి వయసు ఏడాది, ఏడాదిన్నర మాత్రమే కనుక ఏడెనిమిది అడుగులకు మించవు, చుట్టూ ఖాళీ ఉంటే గుండ్రంగా వస్తాయి. యజమాని ఈ మంచి చెట్లన్నిటికీ డిసెంబరు మొదట్లోనే ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంచుతారు. పీలిక ఉన్న చెట్లలోంచి మాత్రమే పిల్లలు ఎంచుకోవాలి. ఇది మంచి పద్ధతి. పిల్లల ముందు వంద చెట్లు పెట్టి ‘ఏదైనా తీసుకో’ అంటే వాళ్ళు తేల్చుకోలేరు, ఎండలో తిరిగి తిరిగి చివరికి అలుగుతారు. పీలిక కట్టిన కొన్నిటిని చూపిస్తే వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటూ, చుట్టూ తిరిగి చూస్తూ, చేత్తో తాకుతూ చక్కగా తేల్చుకుంటారు.

మరో దారి కూడా ఉంది, అది చాలామందికి తెలియదు. ఆ సమయానికి తోపులో ఏదో ఒక మడి పూర్తి కోతలో ఉంటే, పాతిక ముప్పై అడుగుల చెట్లను పడగొట్టి మానును కర్రలుగా కొట్టుకుని, పైనున్న తలను వంటచెరకు కుప్పలో వేస్తారు. ఆ తల వెలుతురులో పెరిగిన భాగం కనుక కింద వెడల్పుగా, పైకి సన్నగా సహజంగానే శంకువు ఆకారంలో ఉంటుంది. చూపుకు ఇదే అసలు క్రిస్మస్ చెట్టులా కనిపిస్తుంది, ధర సగమే, పైగా దానికోసం వేరే చెట్టు కోయనక్కరలేదు. లోపం ఏమిటంటే తల కాండం సన్నగా ఉంటుంది, అలంకరణ బరువుకు ఊగుతుంది, బక్కెట్టులో ఇసుక గట్టిగా దట్టించకపోతే ఒరుగుతుంది. చిన్న ఇంటివారికి, మొదటిసారి కొనేవారికి నేను తలనే సూచిస్తాను. మా ఇంట్లో మాత్రం తలను ఒప్పుకోరు. పిల్లలు ఎంచుకుని నాయన మొదటి కోత పెట్టాలంటే చెట్టు నేల మీద నిలబడి ఉండాలి కదా.

ఎత్తు విషయంలో ఒక జాగ్రత్త. ఆకాశం కింద ఏ చెట్టయినా చిన్నదిగానే కనిపిస్తుంది. మన ఇళ్ళలో స్లాబు ఎత్తు సాధారణంగా పదడుగులు. బక్కెట్టు ఎత్తు, పైన నక్షత్రం ఎత్తు తీసేస్తే ఏడడుగుల చెట్టు సరిగ్గా సరిపోతుంది. యజమాని దగ్గర అడుగుల గుర్తులు పెట్టిన ఒక వెదురు గడ ఉంది, దాన్ని చెట్టు పక్కన నిలబెట్టి చూసుకోమంటారు. ఒకసారి మా తమ్ముడి కొడుకు గడ అందనంత చెట్టు కావాలని పట్టుబడితే ఆయన ఎంతో మర్యాదగా, “దాన్ని మాకిడిసిపెట్టు నాయనా, అది మీ ఇంట్లో వంగి నిలబడాల్సొస్తాది” అని నచ్చజెప్పారు. అమ్మకం పోతుందని చూడకుండా అలా చెప్పే వ్యాపారి అరుదు.

కోతకు రంపం వాళ్ళే ఇస్తారు. పళ్ళు పదునుగా ఉంటాయి, పిడి బిగువుగా ఉంటుంది. నేను చూసినంతలో తుప్పు పట్టిన పనిముట్టు ఇచ్చింది లేదు. మచ్చుకత్తి మాత్రం సందర్శకుల చేతికి ఇవ్వరు, పిల్లలున్న చోట అది సరైన నిబంధనే. నేలకు జానెడు ఎత్తున కోయాలి. ముందు పడే వైపు కొంచెం గాటు పెట్టి, తరువాత ఎదుటి వైపు నుంచి కోస్తే బెరడు చీలకుండా శుభ్రంగా తెగుతుంది. చెట్టు ఒరిగే సమయానికి తోపు మనిషి ఒకరు వచ్చి మాను పట్టుకుంటారు, అది పక్క చెట్ల మీద పడి కొమ్మలు విరగకుండా నెమ్మదిగా దించుతారు. ప్రార్థన చేసుకునేంత సేపు ఎవరూ తొందరపెట్టరు. యజమాని మా మతస్థులు కారు, అయినా మేము తలలు వంచినప్పుడు ఆయన తలపాగా తీసి చేత పట్టుకుని పక్కన నిలబడతారు. ఆ మర్యాద మాకు ఎంత నచ్చుతుందో మాటల్లో చెప్పడం కష్టం. రాలిన చిన్న చిన్న కాయలను పిల్లలు సంచుల్లో ఏరుకోవచ్చు, దానికి డబ్బు తీసుకోరు. బొటనవేలి కొన అంత ఉండే ఆ గరుకు కాయలకు బంగారు రంగు పూసి దారానికి కడితే చెట్టు మీద కొన్న అలంకరణ కంటే అందంగా ఉంటాయి.

కొమ్మలను పైకి మడిచి కొబ్బరి తాడుతో అడుగు నుంచి కొన వరకు చుట్టి, మొదలుకు తడి గోనెపట్టా కట్టి ఇస్తారు. ఇంతకు మించి అక్కడ యంత్రాలేవీ లేవు, అవసరమూ లేదు. కారు పైన వేసుకుపోయేవారు కొన వెనక్కి ఉండేలా కట్టుకోవాలి, లేకపోతే గాలికి రెమ్మలు చీరుకుపోతాయి. కారు లేనివారికి ఊరిలోని ట్రాలీ ఆటో మాట్లాడి పెడతారు. ముఖ్యమైన విషయం, అడిగితే తోపు వివరాలతో ఒక చీటీ రాసి సంతకం చేసి ఇస్తారు. ఎర్రచందనం కారణంగా శేషాచలం చుట్టూ అటవీ శాఖ నిఘా ఎంత గట్టిగా ఉంటుందో తిరుపతివారికి చెప్పనక్కరలేదు. కొండ పాదాల వైపు వెళ్ళి అడవిలో ఏ కొమ్మ నరికినా అది నేరమే, 1989 నుంచి అక్కడి అడవిలో పెద్ద భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం కూడా. పట్టా నేలలో పెంచిన సరుగుడు అని చేతిలో చీటీ ఉంటే దారిలో ఎవరు ఆపి అడిగినా నిశ్చింతగా చూపించవచ్చు.

ఇంటికి తెచ్చాక చెట్టు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది కొనేవారందరూ అడిగే ప్రశ్న. ఫ్రేజర్ ఫర్ చెట్టు నీళ్ళు పోస్తే నెల దాకా ఆకు రాల్చదు; సరుగుడుకు అంత ఓపిక లేదు. తెచ్చిన వెంటనే మొదలు మరో అంగుళం కోసి, గాలి ఆడకముందే నీళ్ళలో పెట్టాలి. ఇసుక నింపిన బక్కెట్టులో నిలబెట్టి రోజూ ఇసుక మునిగేలా నీళ్ళు పోస్తే మా ఇంట్లో వారం పది రోజులు పచ్చగా ఉంటుంది, ఆ తరువాత రెమ్మలు కణుపు దగ్గర ఊడి రాలడం మొదలుపెడతాయి. అందువల్ల 22వ తేదీకి ముందు కోయవద్దు. డిసెంబరు ఒకటి నుంచే చెట్టు పెట్టాలనుకునేవారికి, క్యారల్స్ బృందాలు ఇంటికి వచ్చే నాటికే అలంకరణ పూర్తయి ఉండాలనుకునేవారికి ఈ చెట్టు సరిపోదు, వాళ్ళు వేరే దారి చూసుకోవడమే మేలు. కొన సన్నగా మెత్తగా ఉంటుంది కనుక బరువైన నక్షత్రం ఆనదు. ఒక వెదురు పుల్లను కొనకు కలిపి కట్టి దానికి కాగితపు నక్షత్రం తగిలిస్తే నిలబడుతుంది. గాజు గోళాలు రెమ్మలను కిందికి లాగేస్తాయి, కాగితపు గంటలు, దూది, తేలికైన బుడగలు సరిపోతాయి. దీపాలు ఎల్ఈడీవే పెట్టాలి. పాతకాలపు సీరియల్ బల్బులు వేడెక్కుతాయి, ఎండిన సరుగుడు ఎంత చురుగ్గా మండుతుందో దాన్ని పొయ్యిలో పెట్టిన ప్రతివారికీ తెలుసు. రాత్రి నిద్రపోయే ముందు దీపాలు ఆర్పడం మా ఇంట్లో తప్పనిసరి. కొత్త సంవత్సరం దాటాక మానును పెరట్లో చిక్కుడు పాదుకు ఆధారంగా పాతుతాము, ఎండిన కొమ్మలను పక్కింటివారు భోగిమంటకు అడిగి తీసుకుంటారు.

వేరే దారులతో పోల్చి చూస్తే ఈ తోపు ఎక్కడ నిలుస్తుందో చెప్పాలి. బజారులో దొరికే ప్లాస్టిక్ చెట్టు మడిచి అటక మీద పెట్టుకుంటే కొన్నేళ్ళు వస్తుంది. అపార్టుమెంటులో ఉండేవారికి, దుమ్ముకు పుప్పొడికి తుమ్ములు పట్టేవారికి అది న్యాయమైన ఎంపికే. కానీ పిల్లలు అందులో ఎంచుకునేది ఏమీ ఉండదు, ప్రతి ఏడాదీ అదే చెట్టు. నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో కుండీలో అమ్మే అరకేరియా పసిఫిక్ సముద్రంలోని నార్ఫోక్ ద్వీపానికి చెందినది. అంతస్తులు అంతస్తులుగా విచ్చుకునే దాని కొమ్మల అందానికి సాటి లేదు, కోయనక్కరలేదు, ఏటా అదే మొక్కను లోపలికి తెచ్చి అలంకరించవచ్చు. మదనపల్లె వైపు, ముఖ్యంగా హార్స్‌లీ హిల్స్ చల్లదనంలో అది హాయిగా పెరుగుతుంది. తిరుపతి మే నెల ఎండకు, డాబా మీద వేడికి కుండీలోని మొక్కను కాపాడటం మాత్రం రోజూ పూనుకుని చేయవలసిన పని. నీడ, క్రమంగా నీరు ఇవ్వగలిగినవారే కొనాలి. రెండేళ్ళు బతికించినవారిని నేను మనసారా గౌరవిస్తాను.

ధరల విషయానికి వస్తే, కిందటి క్రిస్మస్‌కు ఏడడుగుల నిలువు చెట్టుకు 600 రూపాయలు, తలకు 300 రూపాయలు తీసుకున్నారు. తాడు, గోనెపట్టా, రంపం అందులోనే. ట్రాలీ ఆటో కిరాయి వేరు, అది చెట్టు ధర కంటే ఎక్కువే పడుతుంది కనుక రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్ళడం మంచిది. వంటచెరకు లెక్కన చూస్తే 600 ఎక్కువే అనిపిస్తుంది. కానీ గట్టు మీది గుబురు చెట్టును డిసెంబరు వరకు కోయకుండా ఆపి ఉంచడం, పీలికలు కట్టడం, పండుగ వారమంతా ఇద్దరు మనుషులను సందర్శకులకు కేటాయించడం లెక్కలోకి తీసుకుంటే నాకు ఆ ధర సమంజసంగానే తోస్తుంది.

లోపాలు లేవని కాదు. మట్టిబాట చివరి కిలోమీటరు అధ్వానంగా ఉంటుంది. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే ఎక్కువ కనుక పండుగ నాటికి బాటలో బురద ఆరి ఉండదు, చిన్న కార్లు దిగబడతాయి. స్వర్ణముఖికి వరద వచ్చిన 2021లో తోపులోకి ఎవరినీ రానివ్వలేదని యజమానే చెప్పారు. ఆడవాళ్ళకు, వృద్ధులకు మరుగుదొడ్డి సౌకర్యం లేదు, దగ్గరలో టీ కొట్టు కూడా లేదు. నీళ్ళు, తినడానికి ఏమైనా వెంట తీసుకువెళ్ళాలి. తోపులో రాలిన రెమ్మల కింద పాములు, ఎర్రచీమలు ఉంటాయి కనుక పిల్లలకు చెప్పులు చాలవు, బూట్లు వేయాలి. ఫోన్ చేసి చెట్టు ముందుగా రిజర్వు చేయించుకునే పద్ధతి లేదు. 24వ తేదీ ఉదయం వెళ్ళేవారికి గట్టు మీద మిగిలేవి ఒకవైపు బోడిగా ఉన్నవే. వీటిలో మరుగుదొడ్డి లేకపోవడం ఒక్కటే నిజంగా సరిచేయవలసిన లోపమని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ పనికి వచ్చేవారిలో సగం మంది చంటిబిడ్డలతో, ముసలివాళ్ళతో వస్తారు. ఆ మాట ఆయనతో చెప్పాను, ఆయన కాదనలేదు.

ఆయన వచ్చే సీజన్‌కు క్రిస్మస్ కోసమే ఒక చిన్న మడి వేరుగా నాటే ఆలోచనలో ఉన్నారు, దాని గురించి నేను అడిగింది రెండు విషయాలు. మొదటిది, ఆ మడిలో గజం దూరం చాలదు, కనీసం రెండు గజాలు వదిలి నాటితే ప్రతి చెట్టుకూ నాలుగు వైపులా వెలుతురు అంది మూల చెట్లకున్న గుబురు అన్నిటికీ వస్తుంది. కర్ర కోసం నాటే క్లోన్ మొక్కలు (ఎంచిన చెట్టు రెమ్మల నుంచి పెంచినవి) నిటారుగా, తక్కువ కొమ్మలతో వస్తాయి కనుక ఈ మడికి విత్తనం నుంచి పెంచిన నారే మంచిది. రెండవది, అమెరికా తోటల్లో ఏటా కత్తిరించి ఆకారం తెస్తారు. సరుగుడు కత్తిరింపుకు బాగా ఓర్చుకుంటుంది, పార్కుల్లో దాన్ని కంచెలుగా, గోపురాలుగా కత్తిరించి పెంచడం మనం చూస్తూనే ఉన్నాము. జూలైలో ఒకసారి, వానలు మొదలవకముందు మరోసారి పక్క కొమ్మల కొసలు తుంచితే డిసెంబరుకు చిక్కని శంకువులు తయారవుతాయి. ఆయన ఆ రెండూ శ్రద్ధగా విని, నారు ఎక్కడ దొరుకుతుందో విచారిస్తానన్నారు. ఆ మడి వేస్తే ధర కొంత పెంచినా నేను సంతోషంగా ఇస్తాను. ఈసారి వెళ్ళేవారు మాత్రం 22 లేదా 23వ తేదీన పొద్దున్నే, అంతకు ముందు రెండు రోజులు వాన పడలేదని తెలుసుకుని బయలుదేరండి. ఏర్పేడు దాటాక మట్టిబాట మొదట్లో ఉన్న ఇటుక బట్టీ దగ్గర అడిగితే దారి చూపిస్తారు.